బీరప్ప జున్ను

"ఇప్పుడే రాయి దాటద్దు. ముందు రాయి పక్కన నిలబడు, చాలు" అంది సుంకమ్మ, కోడలి మోచెయ్యి పట్టుకుని. "నిలబడి బీరప్పను తలుచుకో. తలుచుకుని ఒక్కటంటే ఒక్క అడుగెయ్యి."

శివలీల నిండు నెలల మనిషి. ఒక చెయ్యి పొట్ట కింద పెట్టుకుని, ఇంకో చెయ్యి అత్తకిచ్చి, కళ్ళు మూసుకుని కాలెత్తింది. ఎత్తిన కాలు అవతల నేల మీద ఆనలేదు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. పళ్ళు గిట్టకరుచుకున్నాయి. గొంతులోంచి మనిషిది కాని చప్పుడొకటి వచ్చింది. ఆ చప్పుడుకు సుంకమ్మే భయపడి కోడల్ని వెనక్కి లాగేసింది.

రాళ్ళకు అవతల, కేకేస్తే వినపడే దూరంలో, తెల్ల జీపు ఆగి ఉంది. డాక్టర్ ఇందుమతి దాని తలుపు పట్టుకుని నిలబడి అంతా చూసింది. ఆస్పత్రికి తీసుకుపోదామని వచ్చిన జీపు అది. ఇందుమతి రాళ్ళు దాటి ఇవతలికి నడిచి వచ్చింది. ఆమెకు ఏమీ కాదు. ఆమె ఎటైనా నడవగలదు.

"బలవంతం చేయొద్దక్కా. కాన్పు ఇక్కడే చేయిద్దాం. మంచి లేడీ డాక్టరునీ నర్సునూ నేనే తీసుకొస్తా. కాన్పు గురించి నాకు బెంగ లేదు."

"మరి దేని గురించి తల్లీ నీ బెంగ?"

ఇందుమతి శివలీల వైపు చూసి, తల దించుకుంది. "కాన్పయినాక బిడ్డ నోట్లో పడే మొదటి పాల గురించి."

అత్తాకోడళ్ళు కొట్టాల వైపు తిరిగారు. రాళ్ళకు అవతల గడ్డి గాలికి ఊగుతోంది. ఇవతలి గడ్డిలాంటి గడ్డే అది.

*

ఆ చోటును బీరన్నకొట్టాల అంటారు. చుట్టూ కనుచూపు మేర గడ్డిబీడు, నడుమ దిబ్బ మీద నాలుగైదు ఇళ్ళు, ఇంటికొక మంద. గొర్రెలు కాసే కురుబ వాళ్ళ ఇళ్ళు. వాళ్ళలో పెద్దవాడు మద్దిలేటి, సుంకమ్మ భర్త. వాళ్ళ కొడుకు రామాంజి, కోడలు శివలీల.

ఆ బీడులో బట్టమేక పిట్ట ఉంటుంది. నడుమెత్తు పిట్ట. మెడ నిక్కించి, కోడలి ముందు నడిచే అత్తగారిలా నడుస్తుందని మద్దిలేటి ఎగతాళి చేసేవాడు. వానాకాలంలో అది ఉత్త నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. గూడూ లేదు, గుమ్మమూ లేదు. మంద అటు పోతే గుడ్డు గొర్రెకాలి కింద పడి పోతుంది. అట్లా పోయి పోయి, పిట్టలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

అంతకుముందు పిట్టను కాపాడతామని ఎవరెవరో వచ్చారు. బీడుకు ముళ్ళకంచె వేశారు. మంద రాకపోయేసరికి గడ్డి మనిషెత్తు పెరిగింది. అంత గడ్డిలో పిట్ట నిలవదు, దానికి చూపు ఆనాలి. ఎగిరేటప్పుడు కంచెకు తగిలి ఒక పిట్ట చచ్చింది కూడా. చివరికి కంచె పోయింది, వచ్చినవాళ్ళూ పోయారు. కురుబలకూ వాళ్ళకూ మధ్య తగవు మాత్రం మిగిలింది.

అప్పుడు వచ్చింది ఇందుమతి. మనుషులకు వైద్యం చేసే డాక్టరు కాదు, జంతువుల మీద పరిశోధన చేసే డాక్టరు. అరుగు మీద కూర్చుని సుంకమ్మ ఇచ్చిన నీళ్ళు తాగి, "నాకు మీ గొర్రెలు కావాలి. గొర్రెలు మేస్తేనే పిట్ట ఉంటుంది. కాకపోతే వానాకాలం మాత్రం అవి దిబ్బ చుట్టూ ఉండాలి. కంచె వద్దు, కేసు వద్దు" అంది.

"కంచె లేకుండా గొర్రె ఆగుతాదా?" అన్నాడు మద్దిలేటి. "నా పెండ్లామే ఆగదు."

"నువ్వు ఆపి చూసినావా ఎప్పుడన్నా?" అంది సుంకమ్మ లోపలి నుంచి.

ఇందుమతి దగ్గర ఒక చుక్కల మందు ఉంది. పావురాన్ని ఎంత దూరాన వదిలినా గూటికి దారి తెలుసుకుంటుంది కదా, ఆ తెలివి ఉంది అందులో. తోడేలు వాసన తగిలితే గొర్రెకు పుట్టే భయమూ ఉంది. రెంటినీ కలిపి, ఏ చోట ఆ భయం పుట్టాలో ముందే మందులో రాసిపెట్టింది ఆమె. చెవిలో చుక్క వేస్తే దిబ్బ చుట్టూ కంటికి కనపడని గీత గొర్రె ఒంట్లో పడుతుంది. శీతాకాలానికి చెరిగిపోతుంది. ఏళ్ళ తరబడి తన ప్రయోగశాలలో గొర్రెల మీద చూసింది, ఏ హానీ లేదు.

చుక్కలు వేసేనాడు ఆమె సుంకమ్మను పక్కకు పిలిచి మరీ అడిగింది. "అక్కా, మందు పాలలోకి దిగుతుందేమో నాకింకా సరిగ్గా తెలియదు. ఈ గొర్రెల పాలు మీరు తాగుతారా?"

"గొర్రెపాలు మేం తాగం తల్లీ. పిల్ల నోటి కాడిది తీసుకుంటే మంద నిలుస్తాదా?"

అది నిజం. ఆ కొట్టాలలో గొర్రెపాలు తాగిన మనిషి లేడు, అది వాళ్ళ కట్టుబాటు. ఇందుమతి తృప్తిగా తలూపి వెళ్ళింది.

మంద గీత దగ్గర ఆగింది. చూడ్డానికి చిత్రంగా ఉండేది. గడ్డి మేస్తూ మేస్తూ వచ్చి, గోడ తగిలినట్టు తలెత్తి, నెమ్మదిగా పక్కకు తిరిగేవి. ఆ వానాకాలం బీడులో పిట్ట పిల్లలు లేచాయి. ఇందుమతి పరుగెత్తుకొచ్చి చెబితే సుంకమ్మ బీరప్ప గుడిలో దీపం పెట్టింది. పిట్ట అయితేనేం, అదీ ఒక తల్లే కదా అనుకుంది.

శ్రావణంలో మందలు ఈనడం మొదలైంది. ఏటేటా మొదట ఈనిన గొర్రెల ముర్రుపాలు చెంబుడు పిండి, బీరప్ప గుడి ముందు పొయ్యి పెట్టి, బెల్లం వేసి జున్ను కాస్తారు. దేవుడికి పెట్టి, చంటిపిల్లల నాలుకకు కూడా రాసి, చిటికెడు చిటికెడు అందరికీ పంచుతారు. పంచడం పెద్దింటి ఇల్లాలి పని. సుంకమ్మ తడిబట్టతో, తలారా స్నానం చేసి, తన చేత్తో పంచింది. ఆ రోజు వచ్చిన ఇందుమతికి కూడా మోదుగాకులో పెట్టి ఇచ్చింది. ఆమె కళ్ళకద్దుకుని తీసుకుంది. ఈతల పనిలో పడి ఆ నాళ్ళంతా ఎవరికీ గీత దాటే పని పడలేదు, సరుకులు ఆమె జీపులోనే వచ్చేవి.

*

మంచు పడే కాలం వచ్చింది. పిట్టపిల్లలు ఎగిరిపోయాయి, గీత చెరిగిపోయి ఉంటుంది, మందను వదలొచ్చు అని ఇందుమతి కబురు పంపింది. మద్దిలేటి ఈల వేసి మందను తోలాడు. సద్దిగంప నెత్తిన పెట్టుకుని సుంకమ్మ వెనక నడిచింది.

తల్లి గొర్రెలు గీత దాటి దులుపుకుంటూ పోయాయి. పిల్లలు ఆగిపోయాయి. తల్లులు అవతల నుంచి అరుస్తున్నాయి, పిల్లలు ఇవతల నుంచి అరుస్తున్నాయి. పిల్లల నడుమ, కట్టె పట్టుకుని, మద్దిలేటి కూడా ఆగిపోయాడు.

"ఏమైందిబ్బా? పో" అంది సుంకమ్మ.

"పిల్లల కోసరం ఆగినా."

"పిల్లల్ని నేను తోలుకొస్తాలే. నువ్వు ముందు పో."

"నువ్వే పో ముందు."

సుంకమ్మకు నవ్వొచ్చింది. "తోడేలును కట్టెతో తరిమినోనివి, గడ్డిని చూసి బెదుర్తావా? తప్పుకో!" అని అతణ్ణి తోసుకుని ముందుకు నడిచింది.

కాళ్ళ కింద నేల లేదనిపించింది. నూతి గట్టు మీద నిలబడినప్పుడు గట్టు విరిగినట్టు. వెనక నుంచి ఏదో వెచ్చగా మెడ మీద ఊపిరి వదిలినట్టు. గంప ఎప్పుడు పడిందో, తను ఎప్పుడు వెనక్కి పరుగెత్తిందో తెలియదు. తెలివి వచ్చేసరికి దిబ్బ మీద, ఇంటి గడప పట్టుకుని కూర్చుని ఉంది.

మధ్యాహ్నానికి కొట్టాల అంతా ఒక్కొక్కరే పోయి చూసి వచ్చారు. ఒక్కరూ దాటలేదు.

ఇందుమతి వచ్చి అరుగు మీద కూర్చుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మందు వేసిన తల్లులకు గీత చెరిగింది. ముర్రుపాలు తాగిన పిల్లలకు చెరగలేదు. కానీ మీరు పాలు తాగమన్నారు కదక్కా?"

"తాగం. ఇప్పటికీ తాగం."

"మరి ఆ రోజు నాకు ఆకులో పెట్టిచ్చింది?"

"అది పాలెట్లయితాదమ్మా? బీరప్ప జున్ను అది."

"కాచినా చావదక్కా ఆ మందు" అంది ఇందుమతి. తర్వాత నేల చూస్తూ, "నేను తినలేదు. అది ఆవుపాలదనుకున్నాను, పాలపదార్థాలు నాకు పడవు. జీపులో పెట్టి మరిచిపోయాను. మర్నాడు పారేశాను" అంది.

"పారేసినావా?" సుంకమ్మ లేచి నిలబడింది. తాను చిక్కుకున్న సంగతి కూడా ఆ క్షణం ఆమెకు గుర్తు లేదు. "బీరప్ప ప్రసాదం పారేసినావా తల్లీ?"

"ఊరుకో మే" అన్నాడు మద్దిలేటి. "పారేసింది కాబట్టి తిరగతాంది. కండ్లకద్దుకొని తిన్నోల్లం మనం కూసున్నాం."

ఆ మాట సుంకమ్మ గుండెలో ముల్లులా దిగింది. పంచిన చెయ్యి తనది. చంటిపిల్లల నాలుకకు రాసిన వేలు తనది. దేవుడి పేరు చెప్పి పెట్టింది కీడెట్లా అవుతుంది? అయితే ఆ కీడు ఎవరి లెక్కలో పడుతుంది? గుడి ముందు కూర్చుని రోజూ అడిగేది. బీరప్ప గుండ్రాయి, నూనె పూసిన నల్లటి ముఖం, ఎప్పటిలాగే ఉండేది. కోపం రాలేదామెకు. అడగడం మాత్రం మానలేదు.

*

రామాంజి ఒప్పుకుని ఒకసారి నిద్రమందు తీసుకున్నాడు. నిద్రలో జీపులో వేసుకుని టౌనుకు తీసుకుపోయారు. మెలకువ వచ్చిన మరుక్షణం నుంచి కేకలే. కట్టేస్తే తన చెయ్యి తానే కొరుక్కున్నాడు. తిరిగి గీత లోపలికి తెచ్చాక గాని ఊపిరి నిలవలేదు. ఇల్లు విడిచి ఉండడం కాదు, అవతల ఉండడమే భయం. తోడేలు ప్రతి క్షణం మీదికి దూకుతూనే ఉంటుందట.

చిన్నపిల్లలు పొరపాటున పోయి బెదరకుండా గీత వెంబడి రాళ్ళు పేర్చారు. బియ్యం, మందులు, గడ్డి అన్నీ జీపు మీద వచ్చేవి. ఇందుమతి దిబ్బ పక్కనే రేకుల షెడ్డు వేసుకుని అక్కడే ఉండిపోయింది. ఆమెను పంపిన సంస్థ వాళ్ళు రమ్మన్నా పోలేదు. "నీకేం ఖర్మ తల్లీ, నువ్వు దాటగలవు కదా" అంటే, "దాటి ఎక్కడికి పోనక్కా?" అనేది.

ఏడాది తిరిగే లోపల ఆమె ఆ గీతను మరిపించే మరుపు మందు తయారుచేసింది. అప్పటికి శివలీల కడుపుతో ఉంది. పోయిన శ్రావణంలో పుట్టిన పిల్లలు పడుచు గొర్రెలై తొలిచూలు ఈనాయి. వాటి పాలు తాగిన పిల్లలూ రాళ్ళ దగ్గర ఆగిపోయాయి. అంటే గీత తల్లి నుంచి బిడ్డకు పాలలో దిగుతూనే ఉంది. అప్పుడే ఈనిన ఒక పడుచు గొర్రెకు ఇందుమతి మరుపు మందు వేసింది. షెడ్డు ముందు అందరూ గుమిగూడారు.

గొర్రె లేచి విదిలించుకుంది. నడిచింది. రాళ్ళు దాటింది. అవతల గడ్డిలో తల పెట్టి మేయసాగింది.

రామాంజి ఎగిరి గంతేశాడు. "అమ్మా! దాటింది! నాకెయ్యి డాక్టరమ్మా, ముందు నాకే!"

"ఉండు" అంది శివలీల.

షెడ్డులో తడి ఆరని పిల్ల అరుస్తోంది. గొర్రె చెవి కూడా ఆడించలేదు. పిల్లను తీసుకుపోయి ఇందుమతి దాని పొదుగు కింద పెట్టింది. గొర్రె వాసన చూసింది, రాయినో ముల్లునో చూసినట్టు. కాలితో తన్ని పక్కకు జరిగింది. పిల్ల లేచి మళ్ళీ పోయింది. మళ్ళీ తన్నింది. మూడోసారి మద్దిలేటి చూడలేక ముఖం తిప్పుకున్నాడు. ఎక్కడ భయం ఉందో అక్కడే బిడ్డ వాసన కూడా ఉన్నట్టుంది. ఒకటి చెరిపితే రెండోదీ చెరిగింది.

ఇందుమతి మందు సీసా మూత పెట్టేసింది. ఆ మూత మళ్ళీ తీయలేదు.

ఆ తన్నులు తిన్న పిల్లను శివలీల తెచ్చుకుని, బయటి ఊరి మేకపాలు పట్టి బతికించింది. అది తల్లిపాలు చుక్క ఎరగదు. నడక రాగానే రాళ్ళు దాటి బీడంతా తిరిగి, పొద్దు వాలగానే వచ్చి శివలీల కొంగు నమిలేది. ఇందుమతికి జవాబు అక్కడ దొరికింది. కడుపులో ఉన్నప్పుడు గీత అంటదు. ముర్రుపాలలోనే అంటుంది. పాలు తెల్లబడ్డాక పరీక్షిస్తే మందు కనపడలేదు, ఇక భయం లేదు.

*

శివలీలను ఎక్కించుకోకుండానే జీపు ఖాళీగా వెళ్ళిపోయిన ఆ సాయంత్రం ఇంట్లో ఆ మాటే నడిచింది.

"మొదటిపాలు పడితేనే మంచిది" అన్నాడు మద్దిలేటి. "బిడ్డ మనతోపాటు ఉంటాది. పట్టకపోతే ఏమయితాది? రేపు నడకొచ్చి రాళ్ళు దాటి పోతాది. అవతల గుంతలో పడతాది, పాము కరుస్తాది. ఇవతల నిలబడి చూస్తామా? తేవడానికి యెవరు పోతారు?"

"డాక్టరమ్మ లేదా?" అన్నాడు రామాంజి.

"ఆమె ఎన్నేండ్లుంటాది నాయినా?"

సుంకమ్మ లేచి గుడికి పోయింది. సందేహం వస్తే బీరప్ప తల మీద పువ్వు పెట్టి అడగడం ఇంటి ఆచారం. కుడివైపు పడితే అవును, ఎడమవైపు పడితే కాదు. తంగేడు పువ్వు పెట్టబోయి చెయ్యి ఆపుకుంది. అవునో కాదో ఏదో ఒకటి ఆయన చెబుతాడు. చెప్పింది తెచ్చి కోడలి నెత్తిన పెట్టాలి. ఆ రోజు కూడా దేవుడి పేరు చెప్పే కదా తను పెట్టింది. పువ్వును గుండ్రాయి పాదాల దగ్గర ఉంచి, అడగకుండానే దండం పెట్టి తిరిగొచ్చింది.

"పాలు నీవి. మాట నీది" అంది కోడలితో. "నువ్వెట్లంటే అట్ల. నేను నీ పక్కన ఉంటా."

శివలీల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మామ వైపు చూసి, "గుంతలో పడితే అరుస్తాది కదా మామా. యెటు రావాలో నేను ఈడ నుంచి అరుస్తా. నేను పోలేను గానీ నా గొంతు పోతాది" అంది.

మద్దిలేటి లేచి పోయి, రాళ్ళ దాకా నడిచి, చీకటి పడే ముందు తిరిగొచ్చాడు.

*

వారం తిరగకముందే, ఎండ ఎక్కే వేళకు ఆడపిల్ల పుట్టింది. ఇందుమతి తెచ్చిన డాక్టరు చేతులు కడుక్కుంటూ, "బిడ్డను తల్లి దగ్గర పెట్టండి, ముర్రుపాలు అమృతం" అంది అలవాటు కొద్దీ. అని, గుర్తొచ్చి, నాలుక కరుచుకుంది.

సుంకమ్మ ఉగ్గుగిన్నెలో మేకపాలు పోసుకుని బిడ్డను ఒళ్ళో వేసుకుంది. బిడ్డ తాగలేదు. తల అటూ ఇటూ తిప్పుతూ వెతుకుతోంది. వాసన దానికి తెలుసు. తల్లి పక్కనే ఉంది. ఎంతకూ దొరకక గొంతు చించుకుని ఏడిచింది. ఆ ఏడుపుకు శివలీల రవిక తడిసిపోయింది. శివలీల చీర కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

"అత్తా, దాన్ని బయటికి తీసుకపో" అంది కాసేపటికి. "తీసుకపో అత్తా, లేకపోతే పాలిచ్చేస్తా."

సుంకమ్మ బిడ్డను రామాంజికి ఇచ్చి బయటికి పంపి, వేడినీళ్ళలో గుడ్డ ముంచి కోడలి రొమ్ములకు కాపడం పెట్టింది. పిండింది. పసుపుపచ్చని పాలు, చిక్కగా, తేనెలా, గిన్నెలో పడ్డాయి. ఎన్ని శ్రావణాలు ముర్రుపాలు పిండి ఉంటుంది ఆ చేత్తో! ఈ గిన్నె మోసినంత బరువుగా ఎన్నడూ మోయలేదు. శివలీల గిన్నె వంక చూడలేదు.

"యాడన్నా పోసెయ్యి. నాకు చూపద్దు."

తొక్కే చోట పాలు పోయకూడదు. సుంకమ్మ ఇంటి వెనక తంగేడు మొదట్లో పోసింది. పోస్తూ మొదటిసారి ఏడ్చింది. ఏడుస్తూనే లెంపలు వేసుకుంది, ఎవరికో ఆమెకే తెలియదు. వెనక్కి వచ్చేసరికి రామాంజి ఒళ్ళో బిడ్డ ఆకలికి ఓడిపోయి మేకపాలు చప్పరిస్తోంది.

అట్లా కొన్ని రోజులు నడిచింది. పిండడం, పోయడం, బిడ్డ ఏడవడం, తల్లి గోడ వైపు తిరగడం. ఒక ఉదయం గిన్నెలో పడ్డ పాలు మల్లెపువ్వులా తెల్లగా ఉన్నాయి. ఇందుమతి చుక్క తీసుకుని షెడ్డుకు పరుగెత్తి, తన సాధనాలన్నీ పెట్టి చూసి, తిరిగొచ్చి ఊరికే తల ఊపింది. శివలీల బిడ్డను లాక్కుని రొమ్ముకు అదుముకుంది. ఆ పూట ఇంట్లో ఎవరూ ఏ పనీ చేయలేదు.

చూడవలసింది ఇంకొకటి మిగిలింది. జరగకూడనిది జరిగిందో లేదో, ఏ చుక్కైనా పొరపాటున దిగిందో ఏమో. రాళ్ళ దగ్గర తప్ప అది తెలియదు.

పొద్దున ఎండ కాస్త వెచ్చబడ్డాక బిడ్డను గుడ్డల్లో చుట్టి తీసుకుపోయారు. ఒళ్ళు ఒప్పుకున్నంత దగ్గరికి నడిచి శివలీల ఆగింది. పక్కన సుంకమ్మ, వెనక మగవాళ్ళిద్దరూ. బిడ్డను ఇందుమతి చేతికి ఇస్తూ శివలీల, "తల కింద చెయ్యి పెట్టక్కా" అంది. అంతకు మించి మాట రాలేదు.

చేయి మారగానే బిడ్డ ఏడుపు ఎత్తుకుంది. ఇందుమతి నడిచింది. ఏడుపు పెరిగింది. రాళ్ళ దగ్గరికి పోయేసరికి గుక్క పట్టింది. సుంకమ్మ పెదాలు బీరప్ప పేరే తలుస్తున్నాయి. ఆ ఏడుపు తల్లి కోసమా, ఆ భయంతోనా? ఎవరు చెప్పగలరు? ఇందుమతి కూడా రాయి ముందు ఒక్క క్షణం తటపటాయించి, దాటింది.

నాలుగు అడుగులు పోయాక ఏడుపు ఆగింది.

"ఏమైంది?" మద్దిలేటి ముందుకొచ్చి రాయి దగ్గర ఆగాడు. "ఏమైంది డాక్టరమ్మా?"

ఇందుమతి గుడ్డలు తప్పించి చూసింది. తలెత్తి, ఏడుస్తూ నవ్వుతూ కేకేసింది. "ఏమీ కాలేదు! ఆవులిస్తోంది! నా వేలు పట్టుకుంది!"

సుంకమ్మ గడ్డిలోనే కూలబడింది. రామాంజి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. 

"చాల్లే తల్లీ, గాలి తగులుతాది, తీసుకరా" అన్నాడు మద్దిలేటి.

ఇందుమతి వెనక్కి తిరగబోయింది.

"వద్దు!" అంది శివలీల. రెండు చేతులూ నోటి చుట్టూ దోసిలిగా పట్టి, బాలింత గొంతు పగిలేట్టు అరిచింది. "ఇంకొంచెం దూరం తీసుకపో అక్కా! ఇంకొంచెం దూరం!"

ఇందుమతి బిడ్డను భుజాన వేసుకుని గడ్డిలో నడిచింది. ముందు ఆమె కాళ్ళు మునిగాయి, తర్వాత నడుము మునిగింది. శివలీల అరుస్తూనే ఉంది.